పాస్ అన్న మాటకూ బరువుంది: బ్రిడ్జిలో బిడ్డింగ్ నిర్ణయం, డిక్లేరర్ లెక్క

సంక్షిప్తంగా: కాంట్రాక్ట్ బ్రిడ్జిలో ముక్కలు పంచడం వరకే అదృష్టం. ఎన్ని పట్టులు (నలుగురూ తలో ముక్క వేసే విడతలు) గెలుస్తామో ముందుగా ప్రకటించడం బిడ్డింగ్, ఆ మాట నిలబెట్టుకోవడం ఆట. ఈ రెంటినీ వేర్వేరు విద్యలుగా నేర్పే అలవాటుంది. నిజానికి బిడ్డింగ్‌లో నిర్ణయం ఆటలో రాబోయే శాతాల మీద ఆధారపడుతుంది, ఆటలో శాతాలు బిడ్డింగ్‌లో వినిపించిన మాటలను బట్టి మారతాయి. ఒక పూర్తి పంపకం ఆధారంగా ఈ సంబంధాన్ని వివరించే ప్రయత్నమిది.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల బ్రిడ్జి పోటీలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ భారత్‌కు బంగారు పతకం తెచ్చారు. అప్పటికి ఒకరి వయసు 60, మరొకరిది 56. తర్వాత హాంగ్‌జౌ క్రీడల్లో పురుషుల జట్టు రజతం గెలిచింది. ఈ వార్తలు వచ్చిన ప్రతిసారీ సహజంగా తలెత్తే ప్రశ్న ఒకటుంది. ముక్కలు ఎవరికి ఎలా పడతాయో తెలియని పేకాటలో పతకానికి తగిన నైపుణ్యం ఎక్కడుంది?

ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన వ్యవహారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1967 నవంబరులో వెలువడిన తీర్పు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని అందులో పోల్చింది. అంటే బ్రిడ్జి నైపుణ్యం మీద న్యాయస్థానానికి సందేహమే లేదు, దాన్నే కొలమానంగా వాడుకుంది. అయితే ఆ నైపుణ్యం ఏ రూపంలో ఉంటుందో వివరించడం తీర్పు పని కాదు. అది ఆట లోపలికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

అదృష్టాన్ని పక్కకు తప్పించే ఏర్పాటు

52 ముక్కలను నలుగురికి 13 చొప్పున పంచే విధానాలు ఎన్నో లెక్కిస్తే 29 అంకెల సంఖ్య వస్తుంది. ఒకే పంపకం సహజంగా మళ్లీ ఎదురయ్యే అవకాశం దాదాపు లేదు. అందుకే పోటీల్లో కావాలనే ఒకే పంపకాన్ని మళ్లీ మళ్లీ ఆడిస్తారు. ఆడిన ముక్కలను కలిపేయకుండా ఎవరి పదమూడు వారి ముందే ఉంచుకుని, ఆట అయ్యాక గళ్లున్న పలకలో సర్ది పక్క బల్లకు పంపుతారు. అక్కడ మరో నలుగురు అవే ముక్కలతో ఆడతారు. ఒక జంట ఫలితాన్ని అదే దిక్కున అవే ముక్కలు పట్టుకున్న ఇతర జంటల ఫలితంతో పోలుస్తారు. చెడ్డ ముక్కలు వచ్చాయన్న ఫిర్యాదుకు ఇందులో చోటు లేదు. అవే చెడ్డ ముక్కలతో పక్కవారు 50 పాయింట్లు పోగొట్టుకున్నచోట 200 పోగొట్టుకున్నవారు ఓడిపోయినట్టే. దీన్నే డూప్లికేట్ బ్రిడ్జి అంటారు.

ఆట క్రమం క్లుప్తంగా ఇది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు భాగస్వాములు. ముందు వేలం, అంటే బిడ్డింగ్, జరుగుతుంది. ఆరు పట్టుల పైన ఎన్ని గెలుస్తారో, ఏ జాతిని తురుపుగా పెట్టుకుంటారో, లేదా తురుపు లేకుండా ఆడతారో ఒకరి మీద ఒకరు పాడుతూ పోతారు. చివరి పాట నిలిచిన జంటలో ఆ జాతిని మొదట చెప్పిన వ్యక్తి డిక్లేరర్. ఎడమవైపు ప్రత్యర్థి మొదటి ముక్క వేయగానే డిక్లేరర్ భాగస్వామి తన పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచి డమ్మీ అవుతారు. అక్కడినుంచి రెండు చేతులూ డిక్లేరరే ఆడాలి.

పాట ఇంత కీలకం కావడానికి కారణం 1925లో జరిగిన మార్పు. అంతకుముందు ప్రాచుర్యంలో ఉన్న ఆక్షన్ బ్రిడ్జిలో ఎంత తక్కువకు పాడినా, గెలిచిన పట్టులన్నీ గేమ్ (బోనస్ తెచ్చే నిర్ణీత స్థాయి) కిందకు లెక్కలోకి వచ్చేవి. అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ పనామా కాలువ మీదుగా సాగిన ఓడ ప్రయాణంలో కొత్త లెక్కను ప్రయోగించారు. పాడిన పట్టులకే గేమ్ బోనస్ అన్న సూత్రాన్ని, అప్పటికే ఒక గేమ్ గెలిచినవారికి లాభనష్టాలు రెండూ పెరిగే వల్నరబుల్ పద్ధతిని అందులో కలిపారు. ఆ రోజునుంచి చేతిలో బలం ఉండటం ఒక్కటే చాలదు, ఆ బలం ఎంతో ముందే చెప్పగలగాలి. ధైర్యం చేయనివారు పది పట్టులు గెలిచినా తొమ్మిది పాడిన పాపానికి బోనస్ వదులుకోవాలి.

పాయింట్లు చెప్పేది ఎంత

చేతి బలం కొలవడానికి ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్క మిల్టన్ వర్క్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. దాన్ని ఇంటింటికీ చేర్చింది చార్ల్స్ గోరెన్. మొత్తం పేకలో 40 పాయింట్లు. ఇద్దరు భాగస్వాములకు కలిపి 25 దాకా ఉంటే ఇస్పేటులో గానీ ఆఠీనులో గానీ పది పట్టుల గేమ్, లేదా తురుపు లేకుండా తొమ్మిది పట్టుల గేమ్ అందుతుందని సాధారణ సూత్రం.

సూత్రం మంచిదే. అయితే అది తూచేది పెద్ద ముక్కల బరువునే. ఒక జాతిలో ఇద్దరికీ కలిపి ఎన్ని ముక్కలున్నాయి, పొట్టి జాతులు ఎక్కడున్నాయి, పెద్ద ముక్కలు పొడవైన జాతుల్లో ఉన్నాయా లేక పొట్టి జాతుల్లో చిక్కుకున్నాయా అన్నది అది చెప్పదు. రెండే ముక్కలున్న జాతిలో రాణి, జాకీ కలిసి మూడు పాయింట్లు చూపిస్తాయి గానీ ఎదుటివారి ఆసు, రాజుల కింద రెండూ పడిపోతాయి. అవే రెండు భాగస్వామి చూపించిన పొడవైన జాతిలో ఉంటే ఒక పట్టు నిలబెట్టగలవు. అనుభవం ఉన్నవారు పాయింట్లు లెక్కపెట్టాక మళ్లీ ఒకసారి చేతిని చూసి విలువ సవరించుకుంటారు. బిడ్డింగ్‌లో నిర్ణయశక్తి మొదలయ్యేది ఈ సవరణ దగ్గరే.

రెండు పక్షాలూ పోటీపడి పాడుతున్నప్పుడు పాయింట్ల కంటే తురుపు ముక్కల సంఖ్యే మెరుగైన ఆధారం. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనే వెర్న్ 1960ల చివర దీన్ని ఒక నియమంగా ప్రతిపాదించారు. ఒక పక్షానికి తమ మంచి జాతిలో ఉన్న ముక్కలు, రెండో పక్షానికి తమ మంచి జాతిలో ఉన్న ముక్కలు కలిపితే వచ్చే సంఖ్య, ఆ రెండు తురుపులతో రెండు పక్షాలూ గెలవగల పట్టుల మొత్తానికి దాదాపు సమానం అని దాని సారాంశం. లారీ కోహెన్ రాతలతో 1990లలో ఇది సామాన్య ఆటగాళ్లకూ చేరింది.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక సందర్భం చాలు. మనవైపు తొమ్మిది ఇస్పేట్లు, వారివైపు తొమ్మిది ఆఠీన్లు, ఎవరూ వల్నరబుల్ కారు. వారు మూడు ఆఠీన్లు పాడారు. మూడు ఇస్పేట్లు పాడాలా, ఊరుకోవాలా? మొత్తం పట్టులు పద్దెనిమిది అనుకుంటే, వారు తొమ్మిది గెలిచేచోట మనమూ తొమ్మిది గెలుస్తాం. ఊరుకుంటే 140 నష్టం, పాడితే 140 లాభం. వారికి పది వస్తే మనకు ఎనిమిదే వస్తాయి. అప్పుడు పాడితే పోయేది 50, ఊరుకుంటే 170. వారికి ఎనిమిదే వస్తే మనకు పది, 50కి బదులు 170 వస్తాయి. మూడు సందర్భాల్లోనూ పాడటమే మేలు. ఎవరి దగ్గర ఎన్ని పాయింట్లున్నాయో తెలియకుండానే ఈ నిర్ణయం తీసుకోవచ్చు. కాకపోతే ఇది ఉజ్జాయింపు నియమం మాత్రమే. ఎదుటివారి జాతిలో రాణులు, జాకీలు ఎక్కువగా ఉన్న చేతిలో లెక్క తగ్గుతుంది, చాలా వంకర పంపకాల్లో పెరుగుతుంది.

గేమ్ పాడటానికి ఎంత నమ్మకం కావాలి

పది పట్టులు వస్తాయో రావో సగం సగంగా అనిపించినప్పుడు ఏం చేయాలి? ఆటగాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జవాబు స్వభావాన్ని బట్టి కాక స్కోరు పట్టిక నుంచి రావాలి.

జట్టు పోటీల్లో రెండు బల్లల ఫలితాల తేడాను ఇంపులనే ప్రమాణంలోకి మారుస్తారు. వల్నరబుల్ స్థితిలో నాలుగు ఇస్పేట్లు పాడి గెలిస్తే 620. పక్క బల్ల మీద మూడు దగ్గర ఆగి అవే పది పట్టులు గెలిచినవారికి 170. తేడా 450, అంటే 10 ఇంపుల లాభం. అదే గేమ్ ఒక్క పట్టుతో తప్పితే 100 నష్టం, పక్కవారికి 140 లాభం. తేడా 240, అంటే 6 ఇంపుల నష్టం. పది గెలవడానికి ఆరు పణంగా పెడుతున్నప్పుడు 16లో 6 వంతులు, అంటే 37.5 శాతం అవకాశం ఉంటే చాలు, గేమ్ పాడటం లాభనష్టాలు సరిపోయే స్థాయికి చేరుతుంది. వల్నరబుల్ కానప్పుడు లాభం 6, నష్టం 5. అప్పుడు 45 శాతం దాకా కావాలి.

ఎదుటివారు డబుల్ చేసే (పాట తప్పితే నష్టం పెరిగేలా సవాలు విసిరే) ప్రమాదాన్ని, రెండు పట్టులతో తప్పే రోజులను కలుపుకుంటే 37.5 అన్నది కాస్త పైకి జరుగుతుంది. అయినా సగం కంటే తక్కువే. ఓడిపోయే అవకాశమే ఎక్కువగా ఉన్న గేమ్‌ను పాడటం సరైన నిర్ణయం కావడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కొత్తవారు అంగీకరించడానికి ఎక్కువ కాలం పట్టేది కూడా ఈ మాటనే. ఒక పంపకంలో ఓడిపోయినంత మాత్రాన పాట తప్పని కాదు, గెలిచినంత మాత్రాన ఒప్పనీ కాదు.

స్లామ్ దగ్గర పరిస్థితి వేరు. పన్నెండు పట్టుల చిన్న స్లామ్‌లో వచ్చేదీ పోయేదీ సమానం కాబట్టి సగం అవకాశం ఉండాలి. పదమూడూ గెలవాల్సిన పెద్ద స్లామ్‌లో లెక్క తిరగబడుతుంది. వల్నరబుల్ స్థితిలో అది గెలిస్తే అదనంగా వచ్చేది 13 ఇంపులు, తప్పితే చేజారేది 17. దాదాపు 57 శాతం నమ్మకం ఉండాలి. ఆచరణలో అంతకంటే ఎక్కువ కోరుకోవడమే మంచిది, ఎందుకంటే పక్క బల్లవారు చిన్న స్లామ్ కూడా పాడి ఉండకపోవచ్చు.

జంటల పోటీలో ఈ లెక్కలేవీ పనిచేయవు. అక్కడ ఎంత తేడాతో గెలిచామన్నది కాదు, ఎంతమందిని దాటామన్నదే ముఖ్యం. పది పాయింట్ల తేడా అయినా, వెయ్యి పాయింట్ల తేడా అయినా ఒకటే విలువ. కాబట్టి గేమ్‌కు సగం అవకాశమే గీటురాయి. ఆటలోనూ అంతే. జట్టు పోటీలో డిక్లేరర్ ఒక అదనపు పట్టును వదులుకుని పాటను కాపాడుకుంటారు, జంటల పోటీలో ఆ అదనపు పట్టు కోసమే ప్రాణం పెడతారు. ఉదాహరణకు ఒక చేతిలో ఆసు, జాకీతో ఐదు ముక్కలు, మరో చేతిలో రాజు, తొమ్మిదితో నాలుగు ముక్కలు ఉన్నాయనుకుందాం. బయట రాణి, పదితో నాలుగు ముక్కలున్నాయి. ఒక పట్టు పోయినా ఫరవాలేదనుకుంటే ఐదు ముక్కల చేతినుంచి చిన్నది ఆడి, ఎడమవైపు ప్రత్యర్థి చిన్నది వేస్తే తొమ్మిదితోనే సరిపెట్టాలి. నాలుగూ ఒకే చేతిలో ఉన్నా రెండో పట్టు పోదు. అలా నాలుగూ ఒకవైపే పడే అవకాశం 9.6 శాతం. బీమాకు కట్టే రుసుము లాంటిదిది. జట్టు పోటీలో కట్టాలి, జంటల పోటీలో చాలాసార్లు కట్టకూడదు.

ఒక పంపకం మొదటినుంచి చివరివరకు

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకచోట చూపే పంపకమిది. రెండు పక్షాలూ వల్నరబుల్, జట్టు పోటీ. ముక్కలు పంచింది తూర్పు, కాబట్టి మొదటి మాట తూర్పుదే.

దక్షిణం: ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, 9, 5, 2, ఆఠీను 8, 3, డైమను ఆసు, 6, కళావరు రాజు, 10, 5.
ఉత్తరం: ఇస్పేటు 10, 8, 6, 4, ఆఠీను జాకీ, 5, డైమను రాజు, రాణి, 7, 3, కళావరు రాణి, జాకీ, 4.

తూర్పు పాస్. దక్షిణం ఒక ఇస్పేటు. పడమర పాస్. ఉత్తరం మూడు ఇస్పేట్లు పాడి, గేమ్‌కు ఆహ్వానం పంపుతుంది. తూర్పు మళ్లీ పాస్. దక్షిణం నాలుగు ఇస్పేట్లు.

ఇద్దరికీ కలిపి ఉన్నవి 23 పాయింట్లే. సూత్రం ప్రకారం గేమ్‌కు చాలవు. కానీ దక్షిణం చేతిలో ఆరు ఇస్పేట్లున్నాయి, ఉత్తరం నాలుగున్నాయని పాట చెప్పింది. పది తురుపులున్న చేతిలో ఎదుటివారికి మిగిలేవి మూడే. ఇస్పేటు రాజు తూర్పు దగ్గరుంటే ఫినెస్‌తో, అంటే డమ్మీ నుంచి ఇస్పేటు ఆడి, తూర్పు చిన్నది వేస్తే చేతిలోంచి ఆసుకు బదులు రాణి గానీ జాకీ గానీ వేసి, పట్టుకోవచ్చు, అది సగం అవకాశం. ప్రత్యర్థులు వెంటనే ఆఠీను ఆడకపోతే డైమను రాణి మీద ఒక ఆఠీనును పారేసే దారి కూడా ఉంది. మొత్తం మీద అవకాశం సగం పైనే. 37.5 కావలసినచోట ఇది ధారాళంగా సరిపోతుంది. పాట సరైనదే.

పడమర ఆఠీను 4 వేసింది. డమ్మీ చిన్నది, తూర్పు రాజుతో గెలిచి, ఆసు కూడా ఆడి రెండో పట్టు తీసుకుంది. తర్వాత డైమను ఆడింది. రెండు పట్టులు పోయాయి. కళావరు ఆసు ఎలాగూ పోతుంది. ఇక ఇస్పేటులో ఒక్కటీ పోకూడదు.

ఇక్కడ తొందరపడే డిక్లేరర్ డమ్మీకి వెళ్లి, ఇస్పేటు ఫినెస్ చేసి, సగం అవకాశం మీద భారం వేస్తారు. జాగ్రత్తగల డిక్లేరర్ తురుపును కాసేపు ముట్టుకోరు. డైమనును చేతిలో ఆసుతో గెలిచి, ముందు కళావరు 5ను డమ్మీలోని రాణి వైపు ఆడతారు. తూర్పు ఆసు వేసి గెలిచి, మళ్లీ డైమను ఆడుతుంది. దాన్ని డమ్మీ రాణి గెలుస్తుంది.

ఇప్పుడు లెక్క చూడాలి. తూర్పు చూపించినవి ఆఠీను ఆసు, రాజు, కళావరు ఆసు. మొత్తం 11 పాయింట్లు. ఇస్పేటు రాజు కూడా తూర్పు దగ్గరే ఉంటే 14 అవుతాయి. 14 పాయింట్లతో, రెండు ఆసులు, రెండు రాజులతో, మొదటి మాట చెప్పే హక్కున్న చోట ఎవరూ పాస్ అనరు. తూర్పు పాస్ అంది. కాబట్టి ఇస్పేటు రాజు పడమర దగ్గర ఉంది. ఫినెస్‌కు సగం అవకాశం ఉందనుకున్నది ఇప్పుడు సున్నా అయింది.

రాజు పడమర దగ్గరుంటే గెలవడానికి దారి ఒక్కటే, అది ఒంటరి ముక్క కావాలి. రాజు పడమర దగ్గర ఉన్న సందర్భాల్లో అది ఒంటరిగా ఉండేది 26 శాతం. ఎక్కువేమీ కాదు, కానీ సున్నా కంటే మేలు. డిక్లేరర్ డమ్మీ నుంచి ఇస్పేటు 10 ఆడి, తూర్పు 3 వేశాక చేతిలోంచి ఆసు వేస్తారు. పడమర రాజు కింద పడుతుంది. పది పట్టులూ వచ్చాయి.

తూర్పు చేతిలో నిజంగా ఉన్నవి ఇవి: ఇస్పేటు 7, 3, ఆఠీను ఆసు, రాజు, 9, 6, డైమను 10, 9, 8, 5, కళావరు ఆసు, 8, 3. పదకొండు పాయింట్ల చదునైన చేతితో పాస్ అనడం సహజమే. ఆ పాసే తర్వాత తూర్పుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది.

తూర్పుకు తప్పించుకునే దారి ఉంది. కళావరు రాణి పడినప్పుడు క్షణం కూడా తటపటాయించకుండా చిన్న ముక్క వేసి ఆసును దాచి ఉంటే, అది పడమర దగ్గరుందని డిక్లేరర్ అనుకునేవారు. అప్పుడు తూర్పు చూపించినవి ఏడు పాయింట్లే, రాజుతో కలిసి పది. పాస్‌తో ఏ పేచీ లేదు. డిక్లేరర్ ఫినెస్ చేసి ఓడిపోయేవారు. కళావరు ఆసు ఎక్కడికీ పోదు, ఒక విడత ఆగినంత మాత్రాన నష్టమూ లేదు. రక్షణలో ఆడేవారు తమ పాత మాటను గుర్తుంచుకుని, అది తమను పట్టివ్వకుండా ముక్కలు దాచుకోవాలన్నది ఈ పంపకంలో రెండో పాఠం. నిజానికి డిక్లేరర్ లెక్క కంటే ఇదే కష్టమైన ఆట.

ఇదే పంపకంలో తూర్పు ఒక ఆఠీనుతో వేలం తెరిచి ఉంటే ఏమయ్యేది? ప్రత్యర్థులకు కలిపి ఉన్నవి 17 పాయింట్లు. వేలం తెరవడానికి కనీసం 12 కావాలి. ఇస్పేటు రాజు లేకుండా ఉన్నవన్నీ కలిపినా 14కు మించవు కాబట్టి రాజు తూర్పు దగ్గరే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఫినెస్ సరైన ఆట అవుతుంది. డిక్లేరర్, డమ్మీ చేతుల్లో ఒక్క ముక్క కూడా మారలేదు. మారింది తూర్పు చెప్పిన ఒక్క మాట. దాంతో సరైన ఆట పూర్తిగా అటునుంచి ఇటయింది.

పట్టికలోని శాతాలు ఎప్పుడు మారతాయి

పుస్తకాల్లో కనిపించే విభజన పట్టికలు మొదట కంఠస్థం చేయాల్సినవే. బయట ఐదు ముక్కలుంటే 3-2గా విడిపోయేది 68 శాతం. ఆరు ముక్కలుంటే 3-3 అవుతాయని ఆశపడేవారు ఎక్కువ. కానీ అది 35.5 శాతమే, 4-2 అయ్యేది 48.4 శాతం. సరి సంఖ్యలో ముక్కలు సమంగా విడిపోతాయన్న భావన ఆటగాళ్లకు చాలా పట్టులు నష్టపరుస్తుంది.

ఈ అంకెలన్నీ ఏ సమాచారమూ లేనప్పటివి. తొమ్మిది తురుపులుండి రాణి బయట ఉన్నప్పుడు ఫినెస్ చేయకుండా ఆసు, రాజు ఆడాలన్నది ప్రసిద్ధ సూత్రం. దాని వెనక ఉన్న ఆధిక్యం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిర్ణయం తీసుకోవాల్సిన క్షణానికి రెండు దారుల మధ్య తేడా 52కు 48 మాత్రమే. ఇంత సన్నని తేడాను ప్రత్యర్థి చెప్పిన ఒక్క పాట తుడిచేస్తుంది.

పడమర మూడు డైమన్లతో వేలం తెరిచి ఏడు డైమన్లు చూపించిందనుకుందాం. తూర్పు దగ్గర రెండున్నాయని తేలింది. పడమర చేతిలో తెలియని చోట్లు ఆరు, తూర్పు చేతిలో పదకొండు. తురుపు రాణి ఈ పదిహేడు చోట్లలో ఎక్కడో ఉంది. తూర్పు దగ్గర ఉండే అవకాశం 17లో 11, అంటే 65 శాతం. ప్రసిద్ధ సూత్రాన్ని పక్కన పెట్టి తూర్పు మీద ఫినెస్ చేయాలి. ఖాళీ చోట్ల లెక్క అంటే ఇంతే. కూడిక, తీసివేత వస్తే సరిపోతుంది, గుర్తుపెట్టుకోవడమే శ్రమ.

మరో రకం ఆధారం ప్రత్యర్థి వేసిన ముక్కలోనే ఉంటుంది. తొమ్మిది తురుపుల్లో రాణి, జాకీ రెండూ బయట ఉన్నాయి. ఆసు ఆడగానే తూర్పు రాణి వేసింది. రెండూ తూర్పు దగ్గరే ఉన్నాయా, లేక రాణి ఒక్కటే ఉందా? రెండూ ఉంటే ఏదైనా వేయగల స్వేచ్ఛ ఉంది, కాబట్టి సగం సార్లు జాకీ పడి ఉండేది. ఒంటరి రాణి అయితే అదొక్కటే వేయగలదు. ఈ తేడా వల్ల జాకీ పడమర దగ్గర ఉండే అవకాశం దాదాపు రెండింతలు. ఈ లెక్కను మొదటిసారి విన్నవారు నమ్మరు. పది పంపకాలు కాదు, వెయ్యి పంపకాలు ఆడి చూస్తే నమ్మకం కుదురుతుంది.

వీటన్నిటికీ ముందు డిక్లేరర్ చేయాల్సిన పని ఒకటుంది. డమ్మీ పరచగానే, మొదటి ముక్క వేయకముందే పట్టులు లెక్కపెట్టాలి. తర్వాత ప్రత్యర్థులు ఏం పాడారో, ఏం పాడలేదో గుర్తుచేసుకోవాలి. పోయిన గేమ్‌లలో చాలా వాటి తప్పు మొదటి పట్టులోనే జరిగిపోతుంది, తెలిసేది మాత్రం పదో పట్టు దగ్గర.

యంత్రం ఎక్కడ ఆగింది

2022 మార్చిలో పారిస్‌లో నూక్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము ఎనిమిది మంది ప్రపంచ విజేతలతో పోటీపడి గెలిచింది. చదరంగంలో, గో ఆటలో యంత్రాలు ఎప్పుడో సాధించిన ఆధిక్యం బ్రిడ్జికీ వచ్చిందని వార్తలు వచ్చాయి. పోటీ నిబంధనలు చూస్తే బొమ్మ వేరు. ప్రతి పంపకంలోనూ కాంట్రాక్టు ముందే నిర్ణయమైంది, తురుపు లేకుండా తొమ్మిది పట్టుల గేమ్. నూక్ గానీ, విజేతలు గానీ పాడింది లేదు, రక్షణలో ఆడిందీ లేదు. ఇద్దరూ డిక్లేరర్‌గానే ఆడారు, ఎదురుగా ఆడింది మరో ప్రోగ్రాము. ఆ హద్దుల్లో అది గొప్ప విజయమే, ముఖ్యంగా తన నిర్ణయాలకు కారణాలు వివరించగలిగేలా దాన్ని రూపొందించారు. అయినా నిర్వాహకులు పక్కన పెట్టిన భాగం ఏదో గమనించాలి. బిడ్డింగ్ లేనిచోట భాగస్వామి మాటను నమ్మాల్సిన పని, ప్రత్యర్థి మౌనాన్ని చదవాల్సిన పని చాలా తగ్గిపోతాయి.

చదరంగంలో బల్ల మీద ఉన్నదంతా ఇద్దరికీ కనిపిస్తుంది. బ్రిడ్జిలో వేలం నడిచేంతసేపూ ఆటగాడికి కనిపించేవి తన పదమూడు ముక్కలే. మిగతా 39 గురించి తెలిసేది ఇతరులు చెప్పిన మాటల నుంచే. ఆ మాటలకు అర్థం ముందే భాగస్వాములు కుదుర్చుకుంటారు. ఆ ఒప్పందాన్ని ప్రత్యర్థులు అడిగితే దాచకూడదన్నది నియమం. కాబట్టి భాగస్వామికి చెప్పిన ప్రతి మాటా ఎదుటివారికీ చెప్పినట్టే. మంచి పాట భాగస్వామికి ఎంత ఉపయోగపడుతుందో, డిక్లేరర్ ప్రత్యర్థి అయినప్పుడు అంత ప్రమాదం కూడా. వేలంలో అనవసరంగా దూరి, చివరికి పాట దక్కించుకోని జంటలు తరచుగా చేసే పని ప్రత్యర్థి డిక్లేరర్‌కు ఖాళీ చోట్ల లెక్క అందించడమే. బలహీనమైన చేతితో పాడాలా వద్దా అన్న నిర్ణయంలో ఈ ఖర్చును కూడా కలపాలి. చాలామంది స్కోరు పట్టికను చూసి పాడతారు గానీ ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోరు.

నేర్చుకునేవారికి దీనివల్ల ఒక ఆచరణాత్మక ఫలితం ఉంది. శిక్షణలో సాధారణంగా ముందు బిడ్డింగ్ పద్ధతులు నేర్పుతారు, కొత్త కొత్త సంకేతాల జాబితాలు పెరుగుతాయి, ఆట వెనకబడుతుంది. ఆడటం రాకుండా పాడే గేమ్‌లలో 37.5 శాతం లెక్క నిలబడదు, ఎందుకంటే ఆ శాతం బాగా ఆడే చేతికి వర్తించేది. పైన చూసిన పంపకంలో కళావరును ముందు ఆడని డిక్లేరర్‌కు అది ఓడిపోయిన గేమ్. పాట సరైనదే అయినా స్కోరు కాగితం మీద 100 నష్టమే రాస్తారు. ఆట ముగిశాక భాగస్వాములు చర్చించుకునేటప్పుడు నాలుగు ఇస్పేట్లు పాడాల్సిందా లేదా అని వాదించుకోవడం కంటే, తూర్పు మొదట ఏమందో ఇద్దరిలో ఎవరికి గుర్తుందని అడగడం ఎక్కువ ఉపయోగం.